ఆదివారం పూట నాగార్జునసాగర్ ఖాళీగా దొరికింది. మన దిక్కు ఇట్ల చూడగలిగే జాగలు ఇంకేమున్నయి?

హాలియా ఆడబిడ్డ

అందరికీ నమస్తే. మాది హాలియా పక్కన పల్లె. పెండ్లయి ఎల్బీనగర్‌ల ఉంటున్న. మా నాయినకు మోకాళ్లు అరిగినయి, చేతికర్ర లేంది నడవలేడు. జనం తోసుకునే కాడ నిలబడాలంటే ఆయనకు భయం. ఎటన్న పోదామంటే "మీరు పోయి రాండ్రి, నేను ఇంటికాడుంట" అంటడు.

ఈ మార్చిల పెద్దవూరల ఒక పెండ్లికి పోయినం. తెల్లారి ఆదివారం. ఇంత దూరం వచ్చినం గదా, సాగర్ దాకా పోయొద్దాం అన్నది మా ఆయన. నాకు ధైర్యం చాలలేదు. వానకాలంల గేట్లు ఎత్తినప్పుడు ఒకసారి నాయినను తీస్కపోయినం. డ్యాం కింది కొత్త వంతెన మీద బండ్లు ఇరుక్కున్నయి, ఆగే జాగ లేదు. నాయిన కారు అద్దంల నుంచే గేట్ల దిక్కు చూసి, "చాలు, ఇగ పాండ్రి" అన్నడు. ఆదివారమంటే మళ్ల అదే అనుకున్న.

వంతెన మీద ఎవ్వరు లేరు. నిజంగ చెప్తున్న, మాది తప్ప ఇంకొక్క కారు లేదు. మేకలను తోలుకొని ఒకాయన పోతుండు, అంతే. నాయిన దిగి కంచె పట్టుకొని నిలబడ్డడు. ఆయన పుట్టింది సాగర్‌లనే, పైలాన్ కాలనీల. మా తాత, నాయనమ్మ డ్యాం పనికి కూలికి పోయినోళ్లు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేస్తే 1967 ఆగస్టుల ఇందిరమ్మ కాలువలకు నీళ్లు వదిలింది. ఆ నడుమ ఏండ్లల్ల పుట్టినోడు మా నాయిన. కాంక్రీటు పోసి లేపిన గోడ కాదు గదా అది, రాయి మీద రాయి పెట్టి మనుషులు కట్టింది. నాయిన 26 గేట్లను ఎడమ గట్టు నుంచి ఒక్కొక్కటి లెక్కపెట్టిండు. మా నాయనమ్మ తట్ట మోసింది ఏ దిక్కున, కూలీల గుడిసెలు ఏడ ఉండేటివి, పని చాలిచ్చేటప్పుడు సైరన్ మోగితే పిల్లలంత ఎటు ఉరికేటోళ్లు, అన్నీ చెప్పిండు. ఈ ముచ్చట్లు నేను ఇంతకుముందు ఎన్నడూ వినలేదు. మా పాప ఫోన్ల రికార్డు చేసింది. అక్కడి నుంచి బుద్ధవనం అనే బౌద్ధ పార్కుకు పోతే అక్కడ కూడా అట్లనే ఉంది. మహాస్తూపం చుట్టూ నాయిన తన నడకల తాను తిరిగిండు. ఎనుక నుంచి "జరగండి" అనేటోళ్లు లేరు.

నా ప్రశ్న ఏందంటే, ఆదివారం సాగర్ ఎందుకట్ల ఖాళీగా ఉంది? మళ్ల పోతే అట్లనే దొరుకుతదా? నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) దిక్కు పేరున్న జాగలు ఇంకేవన్న ఇట్ల నిమ్మళంగ చూడొచ్చా, ఎప్పుడు పోవాలె? మెట్లు ఎక్కువ ఉండొద్దు. నాయినకు ఇప్పుడు బయటికి పోవాలనే కోరిక పుట్టింది, అది పోకముందే తిప్పాలని ఉంది.

మిర్యాలగూడ కుర్రోడు

మార్చి అంటే పరీక్షలు అక్కా. ఇంటర్, టెన్త్ రెండూ. మా ఇంట్ల కూడా ఎవ్వరు గడప దాటలేదు.

రిటైర్డ్ కండక్టర్, నల్లగొండ

బిడ్డా, మీ నాయిన ముచ్చట చదివి మనసు నిండింది. నేను దేవరకొండ, నల్లగొండ డిపోలల్ల కండక్టర్ చేసి రిటైరైన. సాగర్ బస్సు, యాదగిరిగుట్ట బస్సు, జాతరలకు వేసే స్పెషల్ బస్సులు అన్నిట్ల డ్యూటీ చేసిన. ఏ జాగ ఏనాడు నిండుతదో, ఏనాడు ఎల్తి పడుతదో కండక్టర్‌కు టికెట్ల లెక్క చెప్తది. అందుకే కొంచెం పెద్దగనే రాస్తున్న.

సాగర్‌కు వచ్చే జనంల ఎక్కువమంది డ్యాం కోసం రారు, గేట్ల కోసం వస్తరు. పైన శ్రీశైలం నిండి, సాగర్ మట్టం 590 అడుగుల దగ్గరికి చేరితే గేట్లు లేస్తయి. ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబర్ లోపల. పైనుంచి వరద రాని ఏడు అసలు లేవనే లేవవు. గేట్ల మీదికెళ్లి నీళ్లు దుంకే బొమ్మ టీవీల వచ్చిన తెల్లారి ఎల్బీనగర్‌లనే మా బస్సు నిండేది. దారిల మాల్ అనే ఊరి కాడ చెయ్యెత్తినోళ్లను ఎక్కించుకునే సందు ఉండకపోయేది. గేట్లు దించినంక అదే బస్సుల మల్లేపల్లి దాటితే మిగిలేది ఊర్లోళ్లే. సంచులల్ల కూరగాయలు, ఎరువు బస్తాలు, దవాఖానకు పోయొస్తున్న ముసలోళ్లు. అంటే మీరు చూసిన ఖాళీ ఒక్కనాటిది కాదు. ఏడాదిల ఎక్కువ రోజులు సాగర్ అట్లనే ఉంటది. జనం పోయిన రోజులే మనకు గుర్తుంటయి కాబట్టి ఎప్పుడూ కిక్కిరిసి ఉంటదనుకుంటం.

గేట్లు కాకుండ ఇంకొన్ని రోజులు కూడా నిండుతది. కార్తీకంల వనభోజనాలు, జనవరి ఒకటి, శివరాత్రి. శివరాత్రికి ఏలేశ్వరం గట్టు మీది మల్లన్న కాడికి లాంచీలు నడుస్తయి, అప్పుడు రేవు కాడ కాలు పెట్టే జాగ ఉండదు. ఈ రోజులు తప్పించి, ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా, మళ్ల జూన్ల బళ్లు తెరిచినంక వానలు పడేదాకా మీ నాయినను ధైర్యంగ తీస్కపో. ఏప్రిల్, మే మాత్రం వద్దు. అప్పుడు ఖాళీగనే ఉంటది గని, ఆ రాతి మీద ఎండ పెద్దోళ్లు తట్టుకోలేరు.

మన జిల్లాల జాగలు చాలా వరకు ఇట్ల ఒక రోజుకు కట్టుబడి ఉంటయి. చెరువుగట్టు అమావాస్యకు. ఆ రాత్రి రామలింగేశ్వరుని గుట్ట మీద నిద్ర చేయనీకి ఎక్కడెక్కడి నుంచో వస్తరు, నార్కట్‌పల్లి నుంచే బండ్లు బారులు తీరుతయి. అమావాస్య దాటి నాలుగు రోజులైతే పూజారి మనతోని కూసొని మాట్లాడుతడు. గుట్ట మీదికి బండి పోతది కాబట్టి మోకాళ్ల బాధ లేదు. మూడు గుండ్ల కాడికి మాత్రం పోవద్దు, ఆ సందులకెళ్లి దూరుడు మీ నాయినతోని కాదు. సూర్యాపేట కాడ దురాజ్‌పల్లి పెద్దగట్టు సంగతి ఇంకా తేటగ కనపడుతది. లింగమంతుల జాతర రెండేండ్లకోసారి, మాఘంల. ఆ నాలుగైదు రోజులు హైవే మీద బండ్లనే వేరే దారికి మళ్లిస్తరు. "ఓ లింగా" అనే కేకలు, గజ్జెల చప్పుడు, డప్పులు, ఆ గట్టంత మనుషులే. మిగిలిన రోజులల్ల అదే గట్టు పక్కకెళ్లి పోయే బస్సు ఆగను కూడా ఆగదు.

గుట్ట, అంటే యాదగిరిగుట్ట, 2022 మార్చి 28న కొత్త గుడి తెరిచినంక ఇంతకుముందు లెక్క పోయింది. శని, ఆదివారాలు వద్దు. స్వాతి నక్షత్రం నాడు గిరిప్రదక్షిణకు వస్తరు, అది క్యాలెండర్ల చూసి తప్పించు. మంగళవారమో, బుధవారమో పోతే నయం. అయినా గుట్ట ఖాళీగా ఉంటదని నేను మాటియ్యను.

ఇగ మీ నాయినకు నేను గట్టిగ చెప్పే జాగ పానగల్లు. నల్లగొండ బస్టాండు నుంచి ఆటోల పోవచ్చు. ఉదయసముద్రం చెరువు దిక్కున ఛాయాసోమేశ్వరుని గుడి, కందూరు చోళుల నాటిది. మూడు గర్భగుళ్లు ఒకే మంటపానికి ఉంటయి. శివుని గర్భగుడిల లింగం ఎనుక గోడకు స్తంభం నీడ లాంటిది పడుతది. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ జాగ మారదు. అది ఒక్క స్తంభం నీడ కాదు. బయటి వెలుతురు స్తంభాల నడుమ నుంచి రెండు దిక్కుల లోపలికి వస్తది, ఆ రెండు వెలుతుర్లు అందని నడుమ భాగం మనకు నీడయి కనపడుతది. కాబట్టే ఈ గుడిని జనం లేనప్పుడు చూడాలంటున్న. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు లైన్ల నిలబడి గడప కాడికి చేరితే ఆ గడపల నిలబడ్డోళ్లే వెలుతురుకు అడ్డమైతరు. దీపాలు, కరెంటు బుగ్గలు వేరే. మామూలు రోజు పొద్దున పోయి, గడపకు పక్కన కూసొని, కండ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగితే నీడ అంచులు కూడా కనపడుతయి. మీ నాయినకు కూసొని చూసే జాగ దొరికినట్టే గదా. పక్కనే పచ్చల సోమేశ్వరుని గుడి. దాని గోడలకు చెక్కిన బొమ్మలు చదువుకుంట పోతే ఒక పూట చాలదు.

సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి కూడా రాసుకో. పేరు చెప్తే అందరు పాలమూరు మర్రిచెట్టు అనుకుంటరు. ఇది ఊరు. రేచర్ల రెడ్లు కట్టించిన నామేశ్వర, ఎరకేశ్వర ఆలయాలు ఉన్నయి, కాకతీయుల కాలంవి. నేను పోయినప్పుడల్లా నల్లరాతి స్తంభాలను చేత్తోని తడుముకుంట తిరిగిన, ఎవ్వరు తొందర పెట్టలేదు.

సాగర్ చేపల హోటల్, హిల్ కాలనీ

అక్కా, కండక్టర్ సారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మాది చిన్న హోటల్, చేపల పులుసు, వేపుడు. గేట్లు ఎత్తిన ఆదివారాలు మేము నిలబడ్డ కాళ్ల మీద పొద్దు గూకుతది, పెద్దోళ్లు ఎవరన్న వచ్చి కూసుంటే మంచినీళ్లు కూడా సరిగ్గ ఇయ్యలేం. ఖాళీ రోజులల్ల వస్తే మీరు చెప్పినంక చేప కోస్తం. బొచ్చె, రవ్వు, జెల్ల, ఆ పూట వలల ఏది పడితే అది. ముసలోళ్లకు ముల్లు లేని ముక్కలు చూసి పెడ్తం. కాబట్టి ఖాళీ రోజు వచ్చేటోళ్లు ఇంటి నుంచి టిఫిన్లు కట్టుకొని రాకుండ్రి అని నా మనవి. ఆ రోజులల్ల మీరిచ్చే ఒక్క బేరంతోనే మా పొయ్యి మండుతది. గాజులమ్మేటోళ్లు, మక్క కంకులు కాల్చేటోళ్లు, ఫోటోలు తీసేటోళ్లు అందరిదీ అదే బతుకు.

ఇంకోటి చెప్పాలె. సాగర్ నీళ్ల నడుమ దీవి, నాగార్జునకొండ చూడాలనుకుంటే పూర్తిగ ఖాళీ రోజు రాకండి. లాంచీ ఒక్కరిద్దరి కోసం కదలదు, సరిపోను టికెట్లు తెగాలె. వారం మధ్యల వచ్చి రేవు కాడ పొద్దంతా ఎదురుచూసి మళ్లిపోయినోళ్లను చూసి మాకు బాధనిపిస్తది. శుక్రవారం మ్యూజియం బందు. గేట్లు లేని కాలంల శనివారమో ఆదివారమో పొద్దున్నే వస్తే లాంచీ నిండుతది, దీవి మీద దిగినంక ఎవరి దారి వాళ్లది, అంత పెద్ద జాగల ఒకరికొకరు అడ్డం రారు. నీళ్లు రాకముందు ఆ లోయల పురావస్తు శాఖోళ్లు 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినయే ఇప్పుడు కొండ మీద ఉన్నయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అంత మన లాంచీ కిందనే ఉంటది. మీ నాయినకు ఈ మాట చెప్పండి, ఆయన చిన్నప్పుడు ఆ లోయ నిండుతుంటే చూసి ఉండొచ్చు.

ఒక జాగ్రత్త. ఖాళీగ ఉంది గదా అని పిల్లలను శివాలయం ఘాట్ కాడ నీళ్లల్లకు దింపకండి. మెట్లు నాచు పట్టి ఉంటయి. పవర్‌హౌస్ నడిపితే కింద నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతయి. జనం ఉన్న రోజు ఎవరన్న కేక వేస్తే పది మంది ఉరుకుతరు. ఖాళీ రోజు వినేటోళ్లు ఉండరు.

హాలియా ఆడబిడ్డ

సారూ, అన్నా, మీ ఇద్దరికీ దండం. నాయినకు చదివి వినిపించిన. లోయ నిండుడు ఆయనకు గుర్తుందట, "ఒక్కో వానకాలం ఒక్కో గుట్ట చిన్నగయ్యేది" అన్నడు. పానగల్లు నేను పది సార్లు దాటిపోయిన గని లోపలికి పోలేదు. పాలమూరు దిక్కు ఎవరన్న చెప్తరా? అలంపురం పోవాలని అమ్మకు ఎప్పటి నుంచో మొక్కు.

గద్వాల సారు

అమ్మా, నేను గద్వాలలో సోషల్ టీచర్ను. అలంపురం గురించి కండక్టర్ గారి మాటకు ఒక సంగతి చేరుస్తాను. అక్కడ ఖాళీ కోసం ఖాళీ రోజు వెతకనవసరం లేదు. దసరా నవరాత్రుల్లో పోయినా సరే, గుంపు అంతా జోగులాంబ అమ్మవారి గుడి దగ్గర, బాలబ్రహ్మేశ్వరుడి దగ్గర ఉంటుంది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి కాబట్టి దూరం నుంచి వచ్చినవాళ్లు ఆ రెండు దర్శనాలు చేసుకొని కర్నూలు వైపో, శ్రీశైలం వైపో పోతారు. నవబ్రహ్మలనే తొమ్మిది శివాలయాల్లో బాలబ్రహ్మ పోను మిగిలిన ఎనిమిది గుళ్లు అదే ఆవరణలో, అడుగుల దూరంలోనే ఉన్నా వాటి ముందు మనిషి ఉండడు. తారక, స్వర్గ, పద్మ, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వబ్రహ్మ. మా పిల్లలను తీసుకుపోయినప్పుడు ఈ పేర్లు ముందే కంఠస్థం చేయించి, ఒక్కో జట్టుకు ఒక్కో గుడి అప్పజెప్పి, ఏం కనపడిందో రాయమంటాను.

ఇవి బాదామి చాళుక్యులవి, ఏడెనిమిది శతాబ్దాల నాటివి. మన తెలంగాణలో చూసే గుళ్ల కంటే వీటిలో చాలావాటి శిఖరం వేరుగా ఉంటుంది, ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి లేచి పైన ఉసిరికాయ ఆకారంలో ఆమలకం ఉంటుంది. ఒక్క గుడినే నిలబడి చూడాలంటే స్వర్గబ్రహ్మను చూడండి. మూలల్లో దిక్పాలకులు, గోడ గూళ్లలో శివుడి రూపాలు. మీ నాన్నగారికి లోపలికి పోవాల్సిన అవసరం కూడా లేదు, బయట గడ్డి మీద కుర్చీ వేసుకొని చూసినా చాలు, బయటి గోడలకే ఎంతో శిల్పం ఉంది. మొక్కు ఉంది కాబట్టి అమ్మగారిని పొద్దున్నే దర్శనానికి పంపి, ఆమె వచ్చేదాకా నాన్నగారిని ఇక్కడ కూర్చోబెట్టండి.

ఊళ్లోకి వచ్చే దారిలో కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది, అక్కడ ఆగకుండా రాకండి. అది మొదట కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. డ్యాం కట్టిన కూలీల ఇంట్లో పుట్టిన మనిషికి, డ్యాం కోసం ఇల్లు మారిన గుడి చూపించాలని నాకు అనిపించింది. మామూలు రోజుల్లో అక్కడ కాపలా మనిషి తప్ప ఎవరూ కనపడరు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి వేరు. ఏడు వందల ఏండ్ల చెట్టని చెప్తారు, మూడెకరాలకు పైగా పరచుకొని ఉంది. మా చిన్నప్పుడు ఆదివారమంటే ఆ కొమ్మల మీద పిల్లలు ఊగేవాళ్లు, మానుకు పేర్లు చెక్కేవాళ్లు. చెదలు తిని, 2017 డిసెంబర్‌లో కొమ్మ విరిగి పడ్డాక జనాన్ని రానివ్వడం ఆపారు. 2018లో చెదలమందు కలిపిన నీళ్లను సెలైన్ సీసాల్లో పోసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు చుక్క చుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు. ఊడలకు నేల అందేదాకా గొట్టాలు పెట్టారు. ఆ రోజుల్లో గేటు బయట నిలబడి చూసినవాణ్ణి నేను. ఇన్నేండ్లకు దాని కింద ఎవరూ లేకపోవడం చూసి నాకు సంతోషమే కలిగింది. మీరు పోతే కంచె ఎక్కడ పెడితే అక్కడే ఆగండి, పాపకు ఈ కథ చెప్పండి.

మన్ననూరు తమ్ముడు

అక్కా, అందరు మీకు నల్లమల చెప్తరు, మల్లెలతీర్థం చెప్తరు. నేను ఇక్కడోన్నే, నేను వద్దంటున్న. వటవర్లపల్లి నుంచి లోపలికి పోవాలె, ఆ పైన దిగేటందుకు మూడు వందల యాభై మెట్లదాకా ఉన్నయి. దిగుడు ఒక ఎత్తు, మళ్ల ఎక్కుడు ఒక ఎత్తు. మీ నాయిన దిగలేడు. పైగ ఎండకాలంల ఖాళీగ ఉంటది గని నీళ్లు సన్నటి ధారే. నీళ్లున్నప్పుడు జనం ఉంటరు.

సలేశ్వరం ఇంకో రకం. చైత్ర పున్నమికి ఆ కొద్ది రోజులు మాత్రమే అడవి దారి తెరుస్తరు, లోయల లింగమయ్య కాడ మా చెంచులు పూజ చేస్తరు. మిగిలిన రోజులు పులుల అడవి, పోనియ్యరు. అంటే అది జనంతోనే చూడాలె, ఖాళీగ చూసుడు ఎవరికీ కుదరదు. నాకు అది అన్యాయం అనిపియ్యదు. ఏడాదంతా ఆ జాగ ఆ జంతువులదే.

మీకు ఉమామహేశ్వరం మంచిగుంటది. అచ్చంపేట దాటినంక రంగాపూర్ కాడ. గుట్ట మీదికి రోడ్డు ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటరు. పెద్ద బండ కింద గుడి, బండల నుంచి నీళ్లు కారుతుంటయి, అది ఎండకాలంల కూడా ఆగదు. సంక్రాంతి జాతర రోజులు, శ్రావణం, కార్తీకం తప్పించి రాండ్రి. కోతులున్నయి, నాయిన చేతికర్ర చూస్తే దగ్గరికి రావు. శ్రీశైలం రోడ్డు మీద పోయే ఆలోచన ఉంటే మన్ననూరు కాడ అడవి చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తరు, పొద్దున ఆరుకు తీస్తరు, అది లెక్కల పెట్టుకోండి.

మిర్యాలగూడ కుర్రోడు

వాడపల్లి ఎవరు చెప్పలేదేంది? మా దగ్గర్నే గదా.

రిటైర్డ్ కండక్టర్, నల్లగొండ

సరిగ్గ గుర్తు చేసినవు తమ్మీ. బిడ్డా, వాడపల్లి మీకు దగ్గర, మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగ. కృష్ణల మూసీ కలిసే కాడ. మీనాక్షి అగస్త్యేశ్వరుని గుడి ఒకటి, లక్ష్మీనరసింహస్వామి గుడి ఒకటి. నరసింహస్వామి గర్భగుడిల రెండు దీపాలు పెడ్తరు. స్వామి ముఖం దగ్గరి దీపం ఊగుతుంటది, కింది దీపం కదలకుండ ఉంటది. పైది స్వామి ఊపిరికి ఊగుతదని మనోళ్ల నమ్మకం. పుష్కరాలప్పుడు మా స్పెషల్ బస్సులల్ల వచ్చినోళ్లు రెండు నిముషాలల్ల బయటికొచ్చి "ఏ దీపం ఊగింది?" అని ఒకరినొకరు అడిగేటోళ్లు. అంతమంది ఊపిరి, అంత వేడి, హారతులు, అన్ని దీపాలు ఊగుతయి మరి. 2016 కృష్ణా పుష్కరాల డ్యూటీ దించి, కొన్నాళ్లకు మామూలు పొద్దున ఒక్కన్నే పోయిన. పూజారి జరగమనలేదు. పైది ఊగుడు, కిందిది నిలకడగ ఉండుడు అప్పుడు నా కండ్లతోని చూసిన. మనసుల ఉన్నదంత చెప్పుకున్న. మా ఇంటామె పోయిన ఏడు అది.

పానగల్లు నీడ, ఈ దీపం, రెండూ గుంపుల నిలబడితే కనపడేటివి కావు. మొదలు ఈ రెండు చూపించు. అలంపురం దూరం, చలికాలంల పెట్టుకో. గుడి మధ్యాహ్నం మూస్తరు కాబట్టి వాడపల్లికి పొద్దున్నే బయలుదేరు. రేవు మెట్ల దిక్కు నాయినను దింపకు, పైనుంచి చూసినా రెండు నదుల నీళ్లు కలిసేది కనపడుతది. మూసీ నీళ్ల రంగు వేరే ఉంటది. హైదరాబాద్ మురికంత అది మోసుకొస్తది, చూస్తే కడుపుల దేవినట్టయితది, గని అది కూడా పిల్లలు చూడవలసిందే అని నా ఉద్దేశం.

హాలియా ఆడబిడ్డ

సారూ, బుధవారం లీవు పెట్టిన. పొద్దున వాడపల్లి, తిరిగొచ్చేటప్పుడు చీకటి పడకముందు పానగల్లు. పాపకు పరీక్షలు అయిపోయినయి. అలంపురం కార్తీకం దాటినంక డిసెంబర్ల, అమ్మ ఒప్పుకుంది. నాగార్జునకొండ మాత్రం ఆగేటట్టు లేడు, ఎండలు ముదరకముందే రెండో శనివారం పోదామంటుండు. చేపల హోటల్ అన్నా, ఆ రోజు లాంచీ కదులుతదా లేదా ముందుగ ఎట్ల తెలుస్తది?

సాగర్ చేపల హోటల్, హిల్ కాలనీ

ముందుగ తెలువదు అక్కా, పొద్దున టికెట్లు తెగినంకనే తెలుస్తది. శనివారం తొమ్మిదింటికి నేనే రేవు కాడికి పోయి ఎంతమంది అయిన్రో చూసి ఇక్కడ రాస్త. అది చూసి హాలియాల బయలుదేరండి. మీరు ఇంటిల్లిపాది వస్తే ఆ లెక్కల మీవి కూడా కలుస్తయి. రేవు కాడ ఎక్కేటప్పుడు చెక్కబల్ల ఊగుతది, నాయినను పట్టుకోనీకి మా తమ్ముణ్ణి తోలిస్త. బొచ్చె తల పులుసు తింటడా, అడిగి చెప్పండి.